గ్యాస్ చూడకుండా చేపల్ని దింపొద్దన్న అమ్మాయి

ముందే చెబుతున్నాను, ఇందులో ఒక్క చేప కూడా చావలేదు. నా కోపమంతా అందుకే. రెండు మూడు చేపలు వెల్లకిలా తేలి ఉంటే ఎవరు చెప్పింది నిజమో కాలేజీ అంతా కళ్లారా చూసేది. ఏమీ కాలేదు కాబట్టి, ఏమీ కాకుండా ఆపిన మనిషికి ఉద్యోగం లేకుండా పోయింది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ సంగతి గుర్తొస్తే చేతిలో చాయ్ చల్లారిపోతుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారని రాస్తున్నాను. చదివాక మీకూ కాస్త కోపం వస్తే నా శ్రమ వృథా కానట్టే.

నేను జువాలజీ లెక్చరర్‌ని. చివరి పోస్టింగ్ ఒక బొగ్గు ఊరి కాలేజీ. ఏ ఊరో చెప్పను. ఆ వైపు ఊళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, క్వార్టర్లు, సైరన్, షిఫ్టు బస్సులు. నేను పుట్టి పెరిగింది మందమర్రిలో. మా బాపు గనిలో సర్దారు. షిఫ్టు మనుషులు దిగే ముందు తను సేఫ్టీ దీపం పట్టుకుని లోపలికి పోవాలి, పనిచేసే జాగాలో గ్యాస్ ఉందో లేదో చూడాలి, లేదని తేలితే అక్కడ సుద్దముక్కతో సంతకం పెట్టి రావాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు దిగేది. దీపం మంట చుట్టూ నీలిరంగు కనబడిందా, ఆ జాగాలో పని బంద్. పని ఆగిందని పైనుంచి అరిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మా బాపు ఎన్నోసార్లు తిట్లు తిన్నాడు. "పేలిన గ్యాస్ గురించి అందరు మాట్లాడుతరు బిడ్డా, పేలకుంట ఆపినోని గురించి ఎవడు మాట్లాడడు" అనేవాడు అన్నం తింటూ. అప్పుడు నాకు అది పెద్దగా ఎక్కలేదు.

మా కాలేజీలో పగడం అంటే అద్దాల బీరువాలో దుమ్ము పట్టిన ఒక తెల్ల రాయి. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడిగేవారు, "మేడం, గిది జంతువా? రాయి లెక్కున్నది గదా" అని. నేను బోర్డు మీద బొమ్మ గీసి, అది ప్రాణమున్న జీవేనని, వేల జీవులు ఒకచోట చేరి కట్టుకున్న ఇల్లు ఆ రాయి అని చెప్పేదాన్ని. పిల్లలు తలూపేవారు. నమ్మేవారు కాదు. వాళ్లలో సముద్రం చూసినవాళ్లు ఎంతమంది కనుక?

గల్ఫ్‌లో పనిచేస్తున్న పాత విద్యార్థి ఒకడు సెలవు మీద వచ్చినప్పుడు ల్యాబ్ చూడటానికి వచ్చాడు. అదే బీరువా, అదే రాయి. నవ్వి, కాలేజీకి ఒక ఉప్పునీటి అక్వేరియం ఇచ్చి పోయాడు. మంచం అంత పొడవు గాజు తొట్టి, పంపు, దీపాలు, సముద్రపు ఉప్పు సంచులు, తేనెపట్టులా సందులున్న రాళ్లు. చేపలూ పగడాలూ తర్వాత హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి. దాన్ని చూసుకునే పని గెస్ట్ లెక్చరర్‌గా ఉన్న అమ్మాయి తీసుకుంది. తీసుకుంది అంటున్నాను, ఎవరూ అప్పజెప్పలేదు.

ఆ అమ్మాయిది సిరిసిల్ల. బాపు సాంచెలు నడుపుతాడు, మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. అవ్వ బీడీలు చేస్తుంది. ఇంట్లో ఎమ్మెస్సీ దాకా చదివింది ఈమె ఒక్కతే, తమ్ముడి చదువు ఈమె జీతం మీదే నడిచేది. గెస్ట్ లెక్చరర్ ఉద్యోగమంటే తెలుసు కదా, ఏడాదికోసారి రెన్యువల్. అది చేయించేది ప్రిన్సిపాల్ మాట. ఆ మాట కోసం ఏడాదంతా నవ్వుతూ ఉండాలి. ఈమె పెద్దగా నవ్వే రకం కాదు. కానీ పాఠం చెబితే వెనక బెంచీ కూడా కిక్కురుమనకుండా వినేది.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పక తప్పదు, కొంచెమే చెబుతాను. కొత్త తొట్టిలో ఉప్పునీళ్లు పోయగానే అది సముద్రం అయిపోదు. చేప విసర్జించేది, కుళ్లిన మేత, ఇవన్నీ అమ్మోనియాగా మారతాయి. అది చేపకు విషం. ఆ అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు రాళ్ల సందుల్లో పుట్టి పెరగాలి. అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. దాన్ని తినే ఇంకో రకం జీవులు తర్వాత వస్తాయి. ఈ రెండు రకాలూ స్థిరపడితేగానీ తొట్టిలో ప్రాణిని వేయకూడదు. దానికి వారాలు పడుతుంది. తొందరపెడితే రాదు, డబ్బిస్తే రాదు, మంత్రి ఫోన్ చేసినా రాదు.

మరి చేపలు లేకుండా అమ్మోనియా ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ అమ్మాయి మార్కెట్ నుంచి ఒక పచ్చి రొయ్య తెచ్చి, పాత సాక్సులో కట్టి తొట్టిలో వేలాడదీసింది. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. ల్యాబ్‌లో కాస్త వాసన వచ్చిన మాట నిజం. స్టాఫ్ రూమ్‌లో వారమంతా అదే ముచ్చట. "మేడం, చేపల తొట్టిల చేపలుంటయి గని ఈగలకు దావతిచ్చుడేంది?" అని కెమిస్ట్రీ ఆయన. "ఉత్త నీళ్లకు కరెంటు బిల్లు కట్టబట్టిన్రు" అని ఇంకొకాయన. రోజూ పరీక్షనాళికలో కాస్త నీరు తీసి మందు చుక్కలు వేసి చూసేది ఆ అమ్మాయి. ఆకుపచ్చ రంగు వస్తే అమ్మోనియా ఉన్నట్టు. ముదిరినకొద్దీ ఎక్కువ ఉన్నట్టు. నిమ్మపండు పసుపు వస్తే లేనట్టు.

ఆ పరీక్షకు పేరు పెట్టింది మా విద్యార్థులు. సగం మంది గని కార్మికుల పిల్లలే. పొద్దున్నే ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి, "మేడం, ఇయ్యాల గ్యాస్ చూసిన్రా?" అని అడిగేవారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు మా బాపు గుర్తొచ్చాడు.

ఆకుపచ్చ లేతబడుతూ వచ్చింది. రాళ్ల మీద, ఇసుక మీద గోధుమరంగు పొర ఒకటి పరుచుకుంది. చూడటానికి బురద పూసినట్టే ఉంటుంది. కొత్త తొట్టిలో అది మామూలే, కొన్నాళ్లకు దానంతటదే పోతుంది. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "ఇంక కొన్ని రోజులే మేడం" అంది. నేను పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు కరీంనగర్ వెళ్లాను, నిశ్చింతగానే వెళ్లాను.

నేను వెళ్లిన వెంటనే ప్రిన్సిపాల్ ప్రారంభోత్సవానికి తేదీ ఖాయం చేశాడు. ముఖ్య అతిథి, గని మేనేజర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఊళ్లో ఆయనంటే భయం, గౌరవం రెండూ ఉన్నాయి. ఫ్లెక్సీ కూడా కొట్టించారు. అందులో పగడాల మీదుగా డాల్ఫిన్ ఒకటి ఎగురుతూ ఉంటుంది.

మా దగ్గర పెద్దమనిషి వస్తున్నాడంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు. గేటు నుంచి స్టేజీ దాకా రెండు పక్కలా సున్నం గీతలు, మురుగు మోరీల పక్కన బ్లీచింగ్ పౌడర్. కాలేజీ మొత్తం తెల్లగా మెరవాలి. ఆ ఊపులో ప్రిన్సిపాల్ ల్యాబ్‌కి వచ్చి, గోధుమరంగు పట్టిన రాళ్లు చూసి అదిరిపడ్డాడు. ఇంత మురికి పెట్టుకుని అతిథిని ఎట్లా తీసుకొస్తామన్నాడు. మోరీల దగ్గర చల్లే మనుషులను పిలిపించి, రాళ్లన్నీ బయటికి తీయించి, అదే బ్లీచింగ్ నీళ్లలో బ్రష్షుతో రుద్దించాడు. ఇసుక కడిగించాడు. పాత నీళ్లు తోడి పారబోయించి, నల్లా నీళ్లు నింపించి, మిగిలిన ఉప్పు సంచీ గుమ్మరించాడు.

ఆ అమ్మాయి నాకు కరీంనగర్‌కు ఫోన్ చేసింది. ఏడవలేదు, మాట మాత్రం ఆగి ఆగి వచ్చింది.

"మేడం, రాళ్లు కడుగుతున్నరు. బ్లీచింగ్ తోని. చెప్పిన మేడం, వద్దని చేతులు వట్టుకొని చెప్పిన. ఇనలే."

"సార్ ఏమన్నడు?"

"గెస్టువు గెస్టు లెక్క ఉండు అన్నడు."

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆమె సొంత మనిషి. సెలవు రోజుల్లో వచ్చి తొట్టి చూసుకునేటప్పుడు సొంత మనిషి. అడ్డం చెప్పగానే గెస్టు.

స్పాట్ అయిపోగానే నేను బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా కాలేజీకి వెళ్లాను. ప్రారంభోత్సవం మర్నాడే. తొట్టి అద్దంలా మెరుస్తోంది. రాళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. ఇంత అందంగా అది ఎప్పుడూ లేదు. మూత తీస్తే ఆసుపత్రి వాసన. ఆ అమ్మాయి అప్పటికే క్లోరిన్ విరిచే మందు వేసింది. కానీ రాళ్ల సందుల్లో వారాలుగా పెరిగిన జీవమంతా చచ్చి లోపలే కుళ్లుతోంది. చుక్కలు వేసి చూశాం. నాళికలో నీరు తుమ్మాకు రంగులోకి తిరిగింది. ఇంతకు ముందెప్పుడూ అంత ముదురు రాలేదు. పడిన శ్రమంతా బూడిదపాలై, మళ్లీ మొదటికి వచ్చాం.

నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఆయన చెడ్డవాడని నేననను. చెడ్డవాళ్లతోనైతే మనం జాగ్రత్తగా ఉంటాం. ఈయన కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మెత్తగా మాట్లాడే రకం.

"సార్, ఆ నీళ్లల్ల చేపలను వేస్తే బతకయి. తేదీ మార్చున్రి" అన్నాను.

"మేడం, ఫ్లెక్సీ కొట్టిచ్చినం. పేపరోళ్లకు చెప్పినం. ఒక్క గంట బతికితే చాలు, ఫోటో అయిపోతది. తర్వాత మల్ల కొత్తయి తెచ్చుకుందాం."

"పగడాలు కూడ తెప్పిస్తున్నరు. అవి ఏండ్లకేండ్లు పెరిగినయి సార్."

"మీరు ఫికర్ చేయకున్రి. జర ఆ పిల్లకు గూడ చెప్పున్రి, రెన్యువల్ టైం నడుస్తున్నది. రేపు అందరి ముందట ఆ సీసాలు, రంగులు చూపెట్టద్దు."

బెదిరింపు కూడా ఇంత మర్యాదగా చెప్పొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. నేను గట్టిగానే అరిచాను. ఆయన వింటూ చాయ్ తాగాడు. బయటికి వచ్చి ఆ అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఆమె తొట్టి మూత సర్ది, "సరే మేడం" అంది. ఏం సరేనో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ల్యాబ్ కిక్కిరిసిపోయింది. తొట్టికి మామిడి తోరణం, గాజు మీద పసుపు కుంకుమ బొట్లు. హైదరాబాద్ నుంచి చేపలు తెచ్చిన మనిషి మూల నిలబడ్డాడు. ప్లాస్టిక్ కవర్లలో నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపలు తిరుగుతున్నాయి. విడిగా డబ్బాల్లో చిన్న చిన్న పగడం ముక్కలు, వేళ్లు చాపినట్టు విచ్చుకుని. మా విద్యార్థులు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. రాయి కాదని మొదటిసారి కళ్లతో చూశారు. నా ముప్పై ఏళ్ల పాఠం ఆ డబ్బా చేసినంత పని చేయలేదు.

కొబ్బరికాయ కొట్టారు. రిబ్బన్ కత్తిరించారు. ప్రిన్సిపాల్ ఒక కవర్ మూతి విప్పి, "సార్, మీ చేతుల మీదుగ" అని పెద్దాయన చేతికిచ్చాడు. ఫోటోగ్రాఫర్ స్టూలెక్కాడు.

అప్పుడు ఆ అమ్మాయి ముందుకొచ్చింది. చేతిలో పరీక్షనాళిక.

"సార్, ఒక్క నిమిషం. గ్యాస్ చూడకుంట దింపుతున్నరు."

ప్రిన్సిపాల్ నవ్వబోయాడు. పెద్దాయన నవ్వలేదు. ఆ మాట వినగానే ఆయన చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇంగ్లీషులో అమ్మోనియా టాక్సిసిటీ అని ఉంటే ఆయన తలూపి కవర్ ఒంపేసేవాడేమో.

"ఏం గ్యాసు బిడ్డా?"

"అమ్మోనియా సార్. చేపలకు విషం. పసుపు రంగు రావాలె. గిది చూడున్రి, ఎంత ఆకుపచ్చగున్నదో."

ఆయన నాళిక తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. నా వైపు తిరిగి, "నిజమేనా మేడం?" అన్నాడు. "నిజం సార్. నేనూ చూసిన. దింపితే చస్తయి" అన్నాను. ప్రిన్సిపాల్ చూపు నా మెడ మీద మంటలా తగిలింది.

"సార్, గదేం లేదు, చిన్న టెక్నికల్ ముచ్చట, తర్వాత చూసుకుంటరు" అన్నాడు ప్రిన్సిపాల్.

పెద్దాయన కవర్ మూతి మళ్లీ ముడేసి బల్ల మీద పెట్టాడు. "నా సర్వీసుల గ్యాస్ ఉన్న కాడికి ఒక్క మనిషిని దింపలే. ఇయ్యాల ఫోటో కోసం చేపలను దింపాల్నా? గీ ఊళ్లె పెట్టుకొని గీ పనా?" అన్నాడు. తర్వాత ఆ అమ్మాయితో, "ఎప్పటికైతదో అప్పుడు పిలువు, నేనే వస్త" అని చెప్పి చేపల్లేని తొట్టి పక్కన నిలబడి ఫోటో దిగాడు. మా విద్యార్థులు చప్పట్లు కొట్టారు. చేపలు, పగడాలు వచ్చిన బండిలోనే హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయాయి. మర్నాడు పేపర్లో మాత్రం, ఎక్కడిదో రంగురంగుల చేపల బొమ్మ వేసి, అక్వేరియం ప్రారంభం అని రాశారు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. మంచి జరిగింది, పెద్దమనిషి విన్నాడు, చేపలు బతికాయి. కానీ ఆ ఏడాది రెన్యువల్స్‌లో ఆ అమ్మాయి పేరు లేదు.

నేను మళ్లీ ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. మళ్లీ చాయ్.

"పిల్ల మంచిదే మేడం. నేను కాదంటున్ననా? కని పబ్లిక్‌ల గట్ల మాట్లాడుతరా? కాలేజీ ఇజ్జత్ తీసింది. అయినా ఏమైతుండె? నాలుగు చేపలు. ఏం గాకపోవునేమో గూడ."

ఏం గాకపోవునేమో! నాకు ఒళ్లు మండిపోయింది. కాకుండా ఆపింది కాబట్టే నీకు ఆ మాట అనే తీరిక దొరికింది అని మొహం మీదే అన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు. పై ఆఫీసుకు వెళ్లాను. అది ప్రిన్సిపాల్ ఇష్టం అన్నారు. పెద్దాయనకు ఫోన్ చేస్తే ఆయన పాపం వెంటనే పై ఆఫీసుతో మాట్లాడాడు. "తప్పకుంట చూస్తం సార్" అన్నారట. చూశారు, అంతే. స్టాఫ్ రూమ్‌లో నాతో కలిసి ఒక్కరూ రాలేదు. "మనకెందుకు మేడం, ఆమె నోరు ఆమెది" అన్నారు. ఈగల దావత్ అన్న కెమిస్ట్రీ ఆయన ఒక్కడే తల దించుకున్నాడు. తల దించుకుంటే ఎవరి ఉద్యోగం తిరిగొస్తుంది?

వెళ్లే రోజు ఆ అమ్మాయి ల్యాబ్‌కొచ్చి కొత్త రొయ్యను కట్టి వేలాడదీసింది. నేను ఏదో అనబోతే, "నాకు ఎరుకే మేడం, గిట్లైతదని. ముందురోజే మా బాపుకు ఫోన్ చేసి చెప్పిన" అంది. ఏమన్నాడని అడిగాను. "నీకు తప్పనిపిస్తే చెప్పు బిడ్డా, సాంచెలెక్కడికి పోవు, తిందాం అన్నడు." అంతే చెప్పి బ్యాగు తగిలించుకుంది.

తొట్టి నా చేతుల్లో మళ్లీ మొదటి నుంచి మొదలై, నింపాదిగా స్థిరపడింది. పసుపు రంగు వచ్చింది. చేపలు వచ్చాయి, పగడాలు వచ్చాయి. పెద్దాయన అన్న మాట ప్రకారం వచ్చి, ముందు నాళిక చూపించమని అడిగి, ఆ తర్వాతే చేపల్ని దింపాడు. "ఆ పిల్లేది?" అన్నాడు. ప్రిన్సిపాల్ సమాధానం చెప్పేలోపు నేనే చెప్పాను. ఆయన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. గోడకు రాతి పలక బిగించారు. దాని మీద ప్రిన్సిపాల్ పేరు, పెద్దాయన పేరు, నా పేరు ఉన్నాయి. నా పేరు తీసేసి ఆమె పేరు చెక్కించమని అడిగాను. రూల్స్ ఒప్పుకోవన్నారు.

నా రిటైర్మెంట్ సభకు ఆమె వచ్చింది. ఇప్పుడు సిరిసిల్లలో ట్యూషన్లు చెబుతోంది. స్టేజీ మీద ఒకరి తర్వాత ఒకరు నా పగడాల తొట్టి గురించి పొగిడారు. మైకు నా చేతికొచ్చినప్పుడు, అది నాది కాదు, చివరి వరుసలో కూర్చున్న ఆ అమ్మాయిదని చెప్పి, ఆమెను ఎందుకు పంపేశారో కూడా చెప్పాను. కొందరు దగ్గారు. కొందరు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ శాలువా మడత సర్దుకున్నాడు.

సభ అయ్యాక ఇద్దరం ల్యాబ్‌కి వెళ్లాం. అందులో చేపలుండగా ఆమె చూడటం అదే మొదటిసారి. పగడాలు రాళ్లంతా పాకి, వేళ్లు చాపి ఊగుతున్నాయి. ఆమె గాజు దగ్గరికి వంగి ఒక్కో పగడాన్నీ చూసింది. తర్వాత, "ఇయ్యాల గ్యాస్ చూసిన్రా మేడం?" అంది. సభ హడావుడిలో చూడలేదన్నాను. బీరువాలో నాళిక ఎక్కడుంటుందో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. నీరు తీసి, చుక్కలు వేసి, ఊపి, కిటికీ దగ్గర పట్టుకుని నిలబడింది. నేనూ పక్కన నిలబడ్డాను. నిమ్మపండు పసుపు.

"మంచిగున్నయి మేడం" అంది. నాళిక కడిగి బోర్లించి, ట్యూషన్ పిల్లలు ఎదురుచూస్తారని సిరిసిల్ల బస్సుకు వెళ్లిపోయింది.

బయట ఆ రాతి పలక అట్లాగే ఉంది, నా పేరుతో సహా. అక్కణ్నుంచి వచ్చేటప్పుడు ఎవరో, పాత విషయాలు ఎందుకు మేడం, ఇప్పుడైనా కోపం పోనివ్వండి అన్నారు. పోనివ్వను. పోతుందేమోనన్న భయంతోనే ఇది రాశాను.